కార్డు చేతికి వచ్చింది, అవసరం తీరిందా?

మీ ఇంట్లో రేషన్ కార్డు ఉందా? ఉంటే ఒకసారి తెచ్చి చూడండి. ఇంట్లో ఎవరెవరి పేర్లు అందులో ఉన్నాయో, ఎవరి పేరు లేదో గమనించండి. ఆ ఇంటికి ఎన్ని కిలోల బియ్యం రావాలో తేల్చేది ఆ పేర్ల సంఖ్యే. పెళ్ళయి వేరుకాపురం పెట్టిన అక్క పేరు పాత కార్డులోనే ఉండిపోవచ్చు. కొత్తగా పుట్టిన పాపాయి పేరు ఇంకా ఎక్కకపోవచ్చు. పాపాయి ఆకలి మాత్రం పేరు ఎక్కేదాకా ఆగదు కదా!

2025 జూలై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ఒక పెద్ద సభ జరిగింది. కొత్త రేషన్ కార్డుల పంపిణీని ముఖ్యమంత్రి అక్కడ ప్రారంభించారు. ఏ తిరుమలగిరి అని మీరు అడగవచ్చు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఒకటుంది, నాగార్జునసాగర్ దగ్గర ఇంకొకటుంది. మనం చెప్పుకునేది సూర్యాపేట నుంచి జనగామ వెళ్ళే దారిలో వచ్చే తిరుమలగిరి. 2016లో జిల్లాలను విడదీసేదాకా అది నల్లగొండ జిల్లాలోనిదే.

కార్డు ఉంటే ఇంట్లో ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితం. ఆ ఏడాది ఉగాదికి హుజూర్‌నగర్‌లో ఈ సన్నబియ్యం పంపిణీ మొదలైంది. సరే, కార్డు చేతికి వచ్చింది, బియ్యం ఇంటికి వచ్చాయి. ఇక ఆహారం అనే అవసరం తీరినట్టేనా? తొందరపడి అవుననకండి, కాదనకండి. కాగితం, పెన్సిలు తీసుకోండి.

నెలకు 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు. నూరు గ్రాముల బియ్యం మన శరీరానికి సుమారు 350 కిలోకేలరీల శక్తి ఇస్తాయి. కాబట్టి 200 గ్రాములకు 700. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ళ అబ్బాయికి రోజుకు సుమారు 2,800, అమ్మాయికి సుమారు 2,400 కిలోకేలరీలు కావాలి. అంటే రేషన్ బియ్యంతో మీ అవసరంలో నాలుగో వంతు, మహా అయితే అంతకంటే కాస్త ఎక్కువ తీరుతుంది. ఇక ఇనుము సంగతి చూద్దాం. ఆ వయసు అమ్మాయికి రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న ఆహారం కావాలి. పాలిష్ పట్టిన మామూలు బియ్యం 200 గ్రాములు వండుకుంటే వచ్చేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగిలినది ఆకుకూర, పప్పు, గుడ్డు, మాంసం వంటివాటి నుంచి రావాలి. ఈ లెక్క మీ అమ్మకు చూపిస్తే నవ్వుతుంది. కేలరీల పేరు చెప్పకపోయినా, బియ్యం ఒక్కటే ఉంటే వంట కాదని ఆమెకు ఎప్పుడో తెలుసు.

అట్లాగని ఆ 200 గ్రాములు చిన్నవేమీ కావు. బియ్యం కొనే డబ్బు మిగిలితే దానితో పప్పు కొనవచ్చు. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం మొదలైనప్పుడు కూలి ఇళ్ళలో అది ఎంత మార్పో మీ తాతయ్యను, అమ్మమ్మను అడగండి. ఇక్కడ మనకు కావలసిన ప్రశ్న వేరు. ఒక మనిషి అవసరం తీరిందని ఎట్లా తెలుస్తుంది? దేన్ని కొలవాలి? ఈ ప్రశ్న మీద ప్రపంచంలోని ఆర్థికవేత్తలు, వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు దాదాపు నూరేళ్ళుగా వాదించుకుంటున్నారు. ఆ వాదనకు కావలసిన సాక్ష్యం మన నల్లగొండ నేలలోనే బోలెడంత ఉంది.

రూపాయితో కొలిస్తే

మొదటి కొలత సులువైనది. దేశంలో ఏడాదికి ఎంత విలువైన వస్తువులు, సేవలు ఉత్పత్తి అయ్యాయో లెక్కకట్టి, జనాభాతో భాగించాలి. వచ్చేది తలసరి ఆదాయం. అది పెరిగితే దేశం అభివృద్ధి చెందినట్టు. చాలాకాలం ప్రపంచమంతా ఈ లెక్కనే నమ్ముకుంది. విచిత్రమేమిటంటే, జాతీయాదాయాన్ని శాస్త్రీయంగా లెక్కకట్టినవారిలో ముఖ్యుడైన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా సెనేట్‌కు ఇచ్చిన నివేదికలో, ఈ అంకెను బట్టి జనం క్షేమాన్ని నిర్ణయించడం కుదరదని హెచ్చరించాడు. తక్కెడ చేసినవాడే దీనితో బంగారం తూచకండి అన్నా ఎవరూ వినలేదన్నమాట!

మన రాష్ట్రాన్నే చూడండి. తెలంగాణ తలసరి ఆదాయం దేశ సగటు కంటే బాగా ఎక్కువ. కాని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16లో చూసినప్పుడు, అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు లేనివారు నూటికి 28 మంది. 2019–21 సర్వే నాటికి వారు 33 మంది. అంటే ఆదాయం పెరుగుతున్న కాలంలోనే పొట్టిగా మిగిలిపోతున్న పిల్లల వంతు కూడా పెరిగింది. అదే సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత కనిపించింది. ఎత్తు తగ్గడమంటే గోడమీద గీసే గీత కిందికి దిగడం మాత్రమే కాదు. పుట్టకముందు తల్లి కడుపులోను, పుట్టాక మొదటి రెండేళ్ళలోను తగిన ఆహారం దొరక్క, మాటిమాటికి విరేచనాలు, జ్వరాలు వచ్చి శరీరం పెరగడం మానుకుందని అర్థం. తర్వాత పదేళ్ళకు పాలు, గుడ్లు పెట్టినా పోయిన ఎత్తు పూర్తిగా తిరిగి రావడం కష్టం. ఆకలికి గడియారం ఉంటుంది. ఈ గడియారం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

వస్తువులతో కొలిస్తే

రూపాయి సరిపోదని తేలాక రెండో కొలత వచ్చింది. మనిషికి కనీసం ఏమేమి కావాలి? తిండి, బట్ట, ఇల్లు, మంచినీరు, బడి, వైద్యం. ఇవి అందరికీ అందాయా లేదా అని నేరుగా లెక్కపెడితే పోదా? ఈ ఆలోచనను ప్రణాళికలో పెట్టినవారిలో మన దేశం వెనకబడలేదు. 1962లోనే ప్రణాళికా సంఘంలో పీతాంబర్ పంత్ బృందం ప్రతి మనిషికీ కనీస జీవన స్థాయి ఎట్లా అందించాలో ఒక పత్రం తయారుచేసింది. 1974లో మొదలైన అయిదవ పంచవర్ష ప్రణాళికలో 'కనీస అవసరాల కార్యక్రమం' పెట్టారు. ప్రాథమిక విద్య, గ్రామీణ ఆరోగ్యం, తాగునీరు, రోడ్లు, కరెంటు, భూమిలేని కూలీలకు ఇళ్ళస్థలాలు అందులో ఉన్నాయి. రెండేళ్ళ తర్వాత, 1976లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో జరిపిన ప్రపంచ ఉపాధి సదస్సు కూడా కనీస అవసరాలే అభివృద్ధికి గురి కావాలని చెప్పింది.

మంచి ఆలోచనే. ఊరికి బడి వచ్చిందా? వచ్చింది, ఒక టిక్కు. రోడ్డు? ఇంకో టిక్కు. తాగునీటికి బోరింగు? అదీ ఒక టిక్కు. కాని తిరుమలగిరికి నైరుతి దిక్కున, పాత నల్లగొండ జిల్లా పడమటి అంచున మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు పోయి చూస్తే, ఈ మూడో టిక్కు ఎంత మోసం చేయగలదో తెలుస్తుంది.

రాయి కరిగి పంటిలోకి

నల్లగొండ పేరులోనే కొండ ఉంది. ఇక్కడి నేలకింద ఉన్నది చాలాచోట్ల గ్రానైటు రాయి. ఈ గ్రానైటులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నేలలోకి ఇంకిన కొద్దిపాటి నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది. ఆ నీటిలో బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటే రాతిలోని ఫ్లోరైడ్ మెల్లగా నీటిలోకి దిగుతుంది. కాల్షియం ఎక్కువున్నచోట అది ఫ్లోరైడుతో కలిసి కరగని పదార్థంగా అడుగున పడిపోతుంది. కనుక ఒక ఊరి బావి మంచిదై, పక్క ఊరి బావి చెడ్డది కావచ్చు. ఒకే ఊళ్ళో రెండు బావులు వేర్వేరుగా ఉండవచ్చు.

ఈ నీటికి రంగు లేదు, వాసన లేదు. మరిగించినా పోదు. పైగా నీరు ఆవిరై తగ్గుతుంది గాని ఫ్లోరైడ్ అట్లాగే ఉంటుంది కనుక, మరిగిన నీటిలో అది ఇంకాస్త చిక్కబడుతుంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము, అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు దాటకుండా ఉంటే మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. నల్లగొండ పడమటి ఊళ్ళలో కొన్ని బావుల్లో అది 10 మిల్లీగ్రాములు కూడా దాటింది. తమాషా ఏమిటంటే, బహు కొద్ది పరిమాణంలో ఇదే ఫ్లోరైడ్ పళ్ళు పుచ్చిపోకుండా కాపాడుతుంది. ఒకే పదార్థం చిటికెడైతే మేలు, దోసెడైతే కీడు.

లోపలికి పోయిన ఫ్లోరైడ్ ఏం చేస్తుంది? మన ఎముకలు, పళ్ళు ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఒక స్ఫటికంతో కట్టినవి. ఆ స్ఫటికంలో హైడ్రాక్సిల్ అనే అణు సమూహానికి ఒక స్థానం ఉంది. ఫ్లోరైడ్ సరిగ్గా ఆ స్థానంలో దూరగలదు. మీ బెంచీలో మీ చోట ఇంకొకరు వచ్చి కూర్చుంటే ఎట్లా ఉంటుందో అట్లా. చిన్నపిల్లల దవడల్లో శాశ్వతంగా నిలిచే పళ్ళు చిగురు కిందనే తయారవుతుంటాయి. పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ దాకా వాటి పైపూత ఏర్పడుతుంది. ఆ కాలంలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పూత సరిగా కుదరదు. పంటిమీద సుద్దలాంటి తెల్లమచ్చలు, తర్వాత పసుపు, గోధుమరంగు చారలు వస్తాయి. తొమ్మిదో ఏట మంచినీరు తెచ్చి ఇచ్చినా, తయారైపోయిన పూత మళ్ళీ తయారు కాదు. ఇందాక చెప్పిన గడియారం ఇక్కడా ఉంది.

ఏళ్ళ తరబడి తాగితే ఎముకల వంతు వస్తుంది. కీళ్ళ చుట్టూ ఉండే మెత్తని బంధనాల్లో కూడా సున్నం పేరుకుంటుంది. మెడ తిరగదు, నడుము వంగదు, వంగిన నడుము లేవదు. మన తెలుగు నేలమీద దీన్ని వైద్యులు గుర్తించింది ఇప్పటి సంగతి కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును షార్ట్, ఆయన సహచరులు వర్ణించారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థ వారు నల్లగొండ జిల్లాలో మరో రూపాన్ని చూశారు. ఎదిగే వయసువాళ్ళలో మోకాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి, పాదాలు మాత్రం ఎడంగా ఉండిపోతున్నాయి. నీటితోపాటు తిండిలోని లోపాలు కూడా దీనికి తోడవుతున్నాయని వారి పరిశోధనల్లో తేలింది.

మన శాస్త్రజ్ఞులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో ఒక పద్ధతి తయారుచేసింది. దాని పేరే 'నల్లగొండ పద్ధతి'! ప్రపంచంలో ఎక్కడ నీటి శాస్త్రం చదివినా ఈ పేరు కనిపిస్తుంది. నీటిలో కొలత ప్రకారం సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి కలపాలి. పటిక నుంచి దూదిపింజల్లాంటి తునకలు ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీటిని వంపుకోవాలి. బకెట్లో ఇంటిదగ్గర చేసుకోవచ్చు, పెద్ద తొట్టిలో ఊరంతటికీ చేయవచ్చు. చెప్పడానికి సులువే. కాని పటిక ఎంత వేయాలో ఆ నీటిలోని ఫ్లోరైడును, క్షారతను బట్టి మారుతుంది. రోజూ చేయాలి, మడ్డి రోజూ తీసి పారబోయాలి. తెల్లవారుజామున నాట్లకో కలుపుకో పోయే తల్లికి ఈ పని ఎవరు చేసిపెడతారు? పరిశోధనశాలలో గెలిచిన పద్ధతి పల్లెటూరి వంటింట్లో చాలాచోట్ల నిలవలేదు. తప్పు రసాయన శాస్త్రానిది కాదు.

ఉపవాసం వేరు, పస్తు వేరు

ఇప్పుడు మూడో కొలత దగ్గరికి వద్దాం. ఏకాదశినాడు మీ నాయనమ్మ ఏమీ తినలేదు. అదే రోజు ఊరి చివర ఒక ఇంట్లో గింజలు లేక ఎవరూ ఏమీ తినలేదు. తిన్న కేలరీలు లెక్కపెడితే ఇద్దరివీ సున్నే. కాని మనం మొదటిదాన్ని ఉపవాసం అంటాం, రెండోదాన్ని పస్తు అంటాం. తేడా ఎక్కడుంది? నాయనమ్మ తినగలిగి ఉండి మానుకుంది. ఆ ఇంటివాళ్ళకు తినే వీలే లేదు.

మన భాషకు రెండు మాటల్లో తెలిసిన ఈ తేడా మీద ఒక పెద్ద సిద్ధాంతం నిలబడింది. దాన్ని నిర్మించినది అమర్త్య సేన్. 1933లో శాంతినికేతన్‌లో పుట్టాడు. తొమ్మిది పదేళ్ళ వయసులో 1943 బెంగాల్ కరువును కళ్ళారా చూశాడు. ఆ కరువులో లక్షలాది మంది చనిపోయారు. పెద్దవాడయ్యాక లెక్కలు తీసి చూస్తే, ఆ ఏడాది బెంగాల్లో తిండిగింజలు అంతకు ముందటి సంవత్సరాల కంటే మరీ తక్కువేమీ కావు. ధర పెరిగింది, కూలి పెరగలేదు. గింజలు ఉన్నాయి, కొనగలిగే శక్తి పల్లె కూలీకి లేదు. ఈ సంగతిని 1981లో పుస్తకంగా రాశాడు. 1998లో నోబెల్ బహుమతి పొందాడు. తిరుమలగిరిలో ఇచ్చిన కార్డు ఎందుకు విలువైనదో దీన్నిబట్టి చూడండి. అది బియ్యం కాదు, బియ్యం మీద హక్కు.

సేన్ అంతటితో ఆగలేదు. వస్తువు చేతికి రావడం ఒకటి, దానితో మనిషి ఏం చేయగలడన్నది ఇంకొకటి అన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ సైకిలు. సైకిలు ఇస్తే మీరు బడికి పోగలరు. ఫ్లోరైడ్‌తో మోకాళ్ళు వంగిన మీ ఈడు పిల్లవాడికి అదే సైకిలు ఇస్తే? గోడకు ఆనించి ఉంటుంది. సర్కారు లెక్కలో ఇద్దరికీ చెరొక సైకిలు అందినట్టే. అందుకే వస్తువులను గాక సామర్థ్యాలను కొలవాలన్నాడు. అంటే ఆరోగ్యంగా ఉండగలగడం, చదవగలగడం, నలుగురిలో తల ఎత్తుకుని తిరగగలగడం.

మర్రిగూడ నీటికి ఈ కొలత పెట్టి చూడండి. ఒకే బావినీరు అందరూ తాగుతున్నారు. ఎండలో రాళ్ళు కొట్టే కూలీ నీడన కూర్చునేవాడి కంటే రెండు మూడింతలు నీరు తాగుతాడు. అంటే ఫ్లోరైడ్ కూడా రెండు మూడింతలు. పాలు తాగే పిల్లవాడికి కాల్షియం ఉంది కనుక కొంత కాపు. పాలు దొరకని పిల్లవాడికి అదీ లేదు. తిండిలో జొన్న ఎక్కువైనప్పుడు బియ్యం తిన్నప్పటి కంటే ఫ్లోరైడ్ ఒంట్లో ఎక్కువ నిలుస్తుందని జాతీయ పోషకాహార సంస్థ 1977లోనే చూసింది. బడి పిల్లలకు చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగిందని అదే సంస్థ 2002లో ప్రకటించింది. అట్లాగని చింతపండును మందు అనుకోకండి, బావిని మార్చే పని అది చేయలేదు. నీరు ఒక్కటే అయినా శరీరాలు వేరు, కూలి వేరు, కంచం వేరు.

తిరుమలగిరి మండలంలోనే ఈ సిద్ధాంతానికి మరో పరీక్ష జరిగింది. 2021లో దళితబంధు పథకాన్ని హుజూరాబాద్ తర్వాత అమలు చేయడానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో అది ఒకటి. ఒక్కో కుటుంబానికి తిరిగి కట్టనక్కరలేని 10 లక్షల రూపాయలు, ఏ ఉపాధి పెట్టుకోవాలో ఎంచుకునేది ఆ కుటుంబమే. ఎంచుకునే వీలు ఉండటమే ఇందులో సేన్ మెచ్చుకునే అంశం. కాని ట్రాక్టరు కొన్నవాడికి దున్నడానికి ఎవరు పిలుస్తారు, దుకాణం పెట్టినవాడి దగ్గర ఊరివాళ్ళు కొంటారా అన్నవి 10 లక్షలతో పాటు రావు. ఆ ప్రశ్నలను ఇంటింటికీ పోయి అడిగితే తప్ప ఫలితం చెప్పలేం.

మాస్లో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడి పేరు మీరు వినే ఉంటారు. 1943లో ఆయన మనిషి అవసరాలను వరుసగా పేర్చాడు. మొదట ఆకలిదప్పులు, తర్వాత భద్రత, ఆపైన ఆప్యాయత, గౌరవం, చివరికి తన శక్తులన్నీ వికసించడం. పుస్తకాల్లో దీన్ని పిరమిడ్‌గా గీస్తారు. ఆ బొమ్మ గీసింది మాస్లో కాదు, తర్వాతివాళ్ళు. బొమ్మ చూస్తే కడుపు నిండాకే మనిషికి గౌరవం కావాలనిపిస్తుందని అనుకుంటాం. అయితే తిరుమలగిరి నుంచి జనగామ దారిలో పోతే కడవెండి ఊరు వస్తుంది. 1946లో అక్కడి జనం దొరల వెట్టికి ఎదురు తిరిగారు. ఆ జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు ప్రాణాలిచ్చాడు. వాళ్ళెవరికీ కడుపు నిండి లేదు. వెట్టివాడికి రానని చెప్పే వీలు ఉండేది కాదు. ఆకలి తీరాకే ఆత్మగౌరవం అన్న మెట్ల వరుస ఈ నేలమీద కుదరలేదు.

సున్న దాకా నడిచిన లెక్క

ఇన్ని సంగతులను ఒక అంకెలోకి తేవడం సాధ్యమా? సేన్‌కు నమ్మకం తక్కువ. కాని కేంబ్రిడ్జిలో ఆయనతో చదివిన పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ పట్టుబట్టాడు. తలసరి ఆదాయంలాగే ఒక మొరటు అంకె ఉంటేనే జనం చూస్తారు, అయితే అది మనుషుల బతుకును చూడగలదై ఉండాలన్నాడు. అట్లా 1990లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచిక వచ్చింది. ఆయుష్షు, చదువు, ఆదాయం, ఈ మూడింటినీ సున్నకూ ఒకటికీ నడుమ అంకెలుగా మారుస్తారు. ఆయుష్షుకు కింది హద్దు 20 ఏళ్ళు, పై హద్దు 85. భారతదేశంలో 2023లో సగటు ఆయుర్దాయం 72. మరి 72లోంచి 20 తీసేస్తే 52. దాన్ని 65తో భాగించండి. 0.8 వచ్చిందా? అదే మన ఆయుష్షు సూచిక. మూడూ కలిపితే మన దేశానికి 0.685 వచ్చింది. 193 దేశాల్లో 130వ స్థానం.

మొదట్లో మూడింటి సగటు తీసేవారు. 2010 నుంచి మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తున్నారు. ఎందుకో చేసి చూడండి. ఒక చోట అంకెలు 0.9, 0.9, 0.3 అనుకుందాం. మామూలు సగటు 0.7. గుణించి ఘనమూలం తీస్తే సుమారు 0.62. ఒక అవసరంలోని లోటును మరొకదానిలోని మిగులు పూర్తిగా పూడ్చకుండా ఈ లెక్క అడ్డుపడుతుంది. డబ్బు రెట్టింపయినా బడి లేని లోటు బడి లేని లోటే. గణితం పాఠంలో ఘనమూలం ఎందుకని విసుక్కునేవాళ్ళకు ఇదొక జవాబు.

అయినా ఈ అంకెలో మర్రిగూడ పిల్లల పళ్ళు కనిపించవు. వాటిని కనిపించేలా చేసింది అక్కడి జనమే. జల సాధన సమితి పేరుతో వారు ఏళ్ళ తరబడి ఉద్యమం చేశారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ ఒక్క స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు! చాలామంది గెలవడానికి కాదు, ఫ్లోరైడ్ నీటి సంగతి దేశానికి తెలియాలని నిలబడ్డారు. ఓటు కాగితం పుస్తకమంత అయింది. పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది. అదే సంవత్సరం పార్లమెంటు చట్టం మార్చి, సాధారణ అభ్యర్థి కట్టే డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. నీటికంటే ముందు డిపాజిట్టు పెరిగిందన్నమాట. నల్లగొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధిచేసిన కృష్ణా నీరు 2004లో హైదరాబాద్ చేరినా, జిల్లాలోని ఎన్నో ఊళ్ళు అప్పటికి ఇంకా ఎదురుచూస్తూనే ఉండిపోయాయి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథ, కృష్ణా గోదావరుల నీటిని శుద్ధిచేసి ఇళ్ళకు పైపుల్లో పంపడం మొదలుపెట్టింది. 2020 నాటికి కేంద్రప్రభుత్వ లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్న అని రాశారు.

ఆ సున్న నీటికి సంబంధించినది. అప్పటికే వంగిన వెన్నులు ఆ లెక్కలో లేవు. అవి కొత్త నీటితో నిటారు కావు.

ప్రపంచ లెక్కలు కూడా మారాయి. ఐక్యరాజ్యసమితి సంస్థలు పూర్వం బోరుబావి ఉంటే చాలు, మెరుగైన నీటి వనరు అని టిక్కు పెట్టేవి. 2017 నుంచి వాటి నివేదికల్లో ఇంకో మెట్టు చేరింది. నీరు ఇంటి ఆవరణలోనే ఉండాలి, కావలసినప్పుడు రావాలి, మలినాలు ఉండకూడదు, రసాయనాల్లో ముఖ్యంగా ఆర్సెనిక్, ఫ్లోరైడ్ హద్దు దాటకూడదు. అప్పుడే అది సురక్షితమైన నీరు. నల్లగొండ బోరింగుల వంటివి నేర్పిన పాఠం ఇట్లా ఆలస్యంగా పట్టికలోకి ఎక్కింది.

మీరు కూడా ఒక చిన్న లెక్క చేయవచ్చు. మీ వీధిలో పది ఇళ్ళు ఎంచుకోండి. కార్డులో ఎంతమంది పేర్లున్నాయి, ఇంట్లో ఎంతమంది ఉన్నారు? నిన్న బియ్యంతో పాటు ఏం వండారు? తాగేది నల్లా నీరా, బోరు నీరా, కొన్న డబ్బా నీరా? నల్లా ఉన్నా బోరు నీరే తాగుతుంటే ఎందుకని అడగండి. ఆ జవాబును టిక్కుగా కాక మాటల్లో రాసుకోండి. నీటి పరీక్ష పెట్టె మీ పంచాయతీలోనో బడిలోనో ఉంటే సార్‌ను అడిగి ఫ్లోరైడ్ పరీక్ష చేయండి. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన గులాబీరంగు ద్రావకాన్ని నీటిలో కొలత ప్రకారం కలిపి, కాసేపు ఆగి, రంగును పెట్టెలోని కార్డుతో పోల్చాలి. గులాబీరంగు అట్లాగే ఉంటే ఫ్లోరైడ్ తక్కువ. పసుపు వైపు తిరిగిన కొద్దీ ఎక్కువ. ఏ బావి నీరు, ఏ తేదీ అన్నది సీసామీద రాయడం మరవకండి. వానాకాలంలో ఒకసారి, నడివేసవిలో ఒకసారి చేసి రెండు రంగులనూ పక్కపక్కన పెట్టి చూడండి.